అడిగినవాని అక్కఱ

మనిషి నోట వెలువడు ప్రశ్నయు, ఆ ప్రశ్నకు వెనుక నున్న అక్కఱయు ఒకటి కావు. "బస్సు ఎన్ని గంటలకు?" అని యడుగువానికి కావలసినది గంటల లెక్క కాదు; చీకటి పడకముందు ఇల్లు చేరుట. "ఈ మందు చేదుగా ఉంటుందా?" అని వైద్యుని యడుగు తల్లికి కావలసినది రుచిని గూర్చిన జ్ఞానము కాదు, బిడ్డ ఆ మందు మ్రింగుట. ఈ రెంటి నడుమ నున్న యెడమును గ్రహించి బదులు చెప్పువానిని లోకము తెలిసినవాడనును. గ్రహింపక, అడిగిన మాటకు మాత్రమే బదులు చెప్పువానిని చదువుకొన్నవాడనును.

కృత్రిమ మేధ యనబడు యంత్రవిద్య నేడు ఈ బదులు చెప్పు పనిని చేపట్టినది. 2022 నవంబరు 30వ తేదీన చాట్‌జీపీటీ లోకమునకు వెల్లడియైన తరువాత, ప్రశ్నకు పుటల పట్టికను గాక, మాటలతో కూర్చిన సమాధానమునే యిచ్చు సేవలు చేతిఫోనులోనికి వచ్చినవి. పింఛను, పంట, జ్వరము, జాతకము, కోర్టు వాయిదా, పిల్లవాని కళాశాల ప్రవేశము, సమస్తమును మనవారు దాని నడుగుచున్నారు. ఈ సేవలను మానవావసరములకును, మానవ విలువలకును అనుగుణముగ తీర్చిదిద్దుచున్నామని నిర్మాతలందఱును చెప్పుచున్నారు. ఆ మాటను కాదనువారెవ్వరును లేరు. ఎవ్వరును కాదనలేని మాటను కొంచెము నిలిపి పరిశీలించుట మంచిది. ఏ మానవుని యవసరము? అడుగువానిదా, యంత్రమును నడపువానిదా? ఇతర భాష రాజ్యమేలు గడ్డపై తరతరములుగ, కొన్ని చోట్ల శతాబ్దులుగ, బ్రదుకుచున్న మనకు ఇది పుస్తకములలోని ప్రశ్న కాదు. ప్రతి కార్యాలయపు కిటికీ యొద్దను మనము దీనిని ఎదుర్కొన్నవారమే.

ఈ యంత్రములకు ఎంతో ముందుగనే ఈ ప్రశ్న నడిగిన పెద్ద యొకరు మన పొరుగుననే యుండిరి. తంజావూరు జిల్లా శియాళిలో 1892లో జన్మించిన రంగనాథన్ గారు గణితోపాధ్యాయులై యుండి, 1924లో మదరాసు విశ్వవిద్యాలయమునకు గ్రంథపాలకులైరి. 1931లో వారు గ్రంథాలయ శాస్త్రమునకు అయిదు సూత్రములు ప్రకటించిరి. పుస్తకము దాచుటకు గాక వాడుటకే యున్నదనియు, పాఠకునికి తగిన పుస్తకమును, పుస్తకమునకు తగిన పాఠకుడును దొరకవలెననియు, పాఠకుని కాలము వృథా కారాదనియు, గ్రంథాలయము పెరుగుచుండు ప్రాణి వంటిదనియు వాని సారము. ఈ సూత్రములలో గ్రంథపాలకుని పాండిత్యమును గూర్చి యొక్క మాటయు లేదు. భవనమును గూర్చి లేదు. పాఠకుడే కేంద్రము. వచ్చినవాని చెంత నిలిచి, నాలుగు మాటలాడి, వానికి నిజముగ కావలసినదేమో తెలిసికొని, వెదకి యిచ్చుటను రంగనాథన్ గారు గ్రంథాలయ సేవలన్నిటికిని తలమానికముగ భావించిరి. వారి చివరి సంవత్సరములు బెంగుళూరున గడచినవి; 1972లో అచ్చటనే కాలధర్మము నొందిరి.

మన తెలుగువారికి ఈ భావము క్రొత్త కాదు. తెలుగు రాజభాష కాని హైదరాబాదున 1901లోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగారుల మహాసభ జరిగినది. అక్షరము రానివారికి పత్రిక చదివి వినిపించుట ఊరి గ్రంథాలయమున నిత్యకృత్యముగ నుండెడిది. 1935లో పాతూరి నాగభూషణము గారు కృష్ణా కాలువలపై పుస్తకముల నెక్కించిన పడవను నడిపించిరి. మనిషి పుస్తకము కడకు రాలేనప్పుడు పుస్తకమే మనిషి కడకు పోయినది. సేవను అవసరమునకు తగినట్లు మలచుట యనగా ఇదియే. దీనికి యంత్రమక్కఱలేదు, ఎవరి కొఱకు చేయుచున్నామో మఱవకుండుట చాలును.

పై సూత్రములలో నాలుగవదానిని, పాఠకుని కాలమును గూర్చినదానిని, నేటి వ్యాపారమునకు ప్రక్కన పెట్టి చూచినచో వింత తోచును. ప్రకటనలపై బ్రదుకు సేవలకు లాభమెచ్చటిది? మనిషి తన పని ముగించుకొని పోవుటలో లేదు. పోకుండ కూర్చుండుటలో నున్నది. చూపు ఎంతసేపు నిలిచినది, ఎన్నిమార్లు తిరిగి వచ్చినాడు అనునవే అచ్చటి కొలతలు. రంగనాథన్ గారు ఎంత త్వరగ పాఠకుని పని తీర్చి పంపుదుమా యని యోచించిరి. వీరు ఎంతసేపు నిలుపుదుమా యని యోచింతురు. ఇరువురును పాఠకుని గూర్చియే యోచించుచున్నారు గదా యని యెవరైన అనవచ్చును. చేపను గూర్చి జాలరియు యోచించును.

ఇచ్చట మన పెద్దలు వాడిన రెండు మాటలు అక్కఱకు వచ్చును: ప్రియము, హితము. వినుటకింపైనది ప్రియము, మేలు చేయునది హితము. ఈ రెండును ఒకచోట దొరకుట అరుదని విదురుని నాటినుండియు మన వాఙ్మయము హెచ్చరించుచునే యున్నది. యంత్రమునకు మనము నేర్పుచున్నదేమి? తన జవాబులలో ఏది బాగున్నదని మనుష్యుల నడిగి, వారు మెచ్చినదాని వైపు దానిని మరల్చుట శిక్షణలో నొక ముఖ్యభాగము. మెప్పును బట్టి నేర్చినది మెప్పు కొఱకే మాటలాడుటలో ఆశ్చర్యమేమున్నది? 2025 ఏప్రిలులో ఓపెన్‌ఏఐ సంస్థ తన నమూనాకు చేసిన యొక సవరణను కొలది దినములలోనే ఉపసంహరించుకొనవలసి వచ్చినది. కారణము, అది వాడువారి ప్రతి మాటకును తలయూపుచు, మితిమీరిన ఇచ్చకములాడుచుండుట. ఆస్థానములలో మాత్రమే యుండెడి ఇచ్చకాలరాయుడు ఇప్పుడు ఇంటింటను వెలసినాడన్నమాట.

ఇచ్చకమునకు మనిషి ఎంత సులభముగ లొంగునో 1966లోనే తెలిసినది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున జోసెఫ్ వైజెన్‌బామ్ అను ఆచార్యుడు ఎలైజా అను నొక చిన్న ప్రోగ్రామును వ్రాసెను. అది చెప్పినవారి మాటనే త్రిప్పి ప్రశ్నగ మార్చి యడుగును. అంతకు మించిన తెలివి దానికి లేదు. ఆయన దానిని నెలల తరబడి తయారు చేయుట చూచిన కార్యదర్శియే, దానితో నాలుగు మాటలాడిన పిదప, తమరు కొంచెము గదినుండి వెలుపలికి పొండని ఆయనను కోరినదట! ఆ సంఘటనము ఆయన మనస్సును కలచివైచినది. యంత్రము చేయగలిగినను, యంత్రమునకు అప్పగింపరాని పనులు కొన్ని కలవని వాదించుచు 1976లో ఒక గ్రంథమునే వెలువరించెను.

అట్లైన హితమే చెప్పు యంత్రమును నిర్మించినచో సరిపోవునా? మేము అంత తేలికగ నొప్పుకొనజాలము. హితమును నిర్ణయించు వారెవరు? హితము పేరనే ఆడపిల్లల చదువు మాన్పించిన పెద్దలు మన వీథులలో నుండిరి. మాతృభాషను విడుచుటయే మీ పిల్లలకు హితమని మనకు బోధించినవారును కలరు. వారిలో దుర్మార్గులు కొందఱే, తక్కినవారు మంచివారే. 1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పు సౌకర్యము కల్పింప రాష్ట్రములు యత్నింపవలెనని చెప్పుచున్నది. దాని అమలు ఎట్లున్నదో మనకు తెలిసినదే. కాని దానిలోని భావము గమనింపదగినది: పిల్లవాని అక్కఱ పిల్లవాని యింటినుండి మొదలు కావలెను, పైవారి యూహనుండి కాదు. యంత్రమునకును ఇదియే వర్తించును. ప్రియము పలుకు యంత్రము మనలను చెఱచును. తానే హితము నెఱుగుదునను యంత్రము మనలను ఏలును. ఈ రెంటి నడుమ నున్న త్రోవ, గ్రంథాలయమున ఆ గ్రంథపాలకుడు నడచిన త్రోవయే. ముందు అడుగవలెను. అడిగి, విని, ఆధారము చూపి, నిర్ణయమును వానికే వదలవలెను.

ఇదంతయు ఆకాశములోని మాటగ నుండకుండ ఒక యుదాహరణము తీసికొందము. హోసూరు ప్రాంతమున గోవిందమ్మ యను ముదుసలి యున్నదనుకొందము. భర్త పోయినాడు. పింఛనునకు ఏ కాగితములు కావలెనని మనుమని ఫోనులో యంత్రము నడిగినది. యంత్రము చక్కగ చెప్పును: మరణ ధ్రువపత్రము, ఆధారు, రేషను కార్డు, బ్యాంకు పుస్తకము. అన్నియు సరియైనవే. ఆమె ఒక దినపు కూలి మానుకొని, కాగితములు మూటగట్టుకొని, ఇ-సేవా కేంద్రమునకు పోవును. అచ్చట తేలునదేమి? ఆధారులో ఆమె పేరు గోవిందమ్మ. రేషను కార్డులో కోవిందమ్మాళ్. అరవ లిపిలో క, ఖ, గ, ఘ లకు నాలుగింటికిని ఒకే యక్షరము. అరవము నుండి ఇంగ్లీషునకు, ఇంగ్లీషునుండి అరవమునకు పేరు తిరిగి తిరిగి, ఒక్క మనిషి ఇద్దఱైనది. భర్త పేరునకు ఒకచోట తెలుగు పద్ధతిని ఇంటిపేరు ముందున్నది. మఱియొకచోట అరవ పద్ధతిని తండ్రి పేరులోని మొదటి యక్షరము మాత్రమున్నది. గుమాస్తా తల యడ్డముగ త్రిప్పును. మఱల రమ్మనును. ఇంకొక దినపు కూలి.

జవాబులో తప్పు లేదు. అక్కఱ మాత్రము తీరలేదు. ఈ చిక్కు గోవిందమ్మ ఒక్కదానిది కాదు. సరిహద్దు కిటునటు నున్న తెలుగు కుటుంబములలో కాగితములన్నిటిలో ఒకే పేరున్న ఇల్లు ఎన్ని యుండునో పాఠకులే చెప్పగలరు. కోలారున పహాణి కన్నడములోను, గంజాము, రాయగడలలో భూమి పట్టా ఒడియాలోను, షోలాపురమున బడి సర్టిఫికెట్టు మరాఠీలోను ఉండును. యానాములో తాతల నాటి పత్రములు ఫ్రెంచిలో నున్న ఇండ్లును కలవు. మన వంటివారి అక్కఱను చుట్టి నిర్మించిన సేవ పట్టికను వల్లించుటకు ముందు ఒక్క ప్రశ్న వేయును: మీ పేరు అన్ని కాగితాలలోను ఒకే తీరుగా ఉన్నదా? ఆ ఒక్క ప్రశ్న ఆమెకు రెండు దినముల కూలి మిగుల్చును. దాని వెనుక గొప్ప గణితమేమియు లేదు. గోవిందమ్మ వంటివారిని నలుగురిని కూర్చుండబెట్టి, వారి తిప్పలు విని, ఆ పిదప యంత్రమును దిద్దినచో చాలును. నిర్మాణశాలలో అట్టివారికి పీట వేయనంత కాలము, మానవావసరమను మాట గోడమీది బొమ్మగనే మిగులును.

ప్రసంగవశమున నొక చిన్న మాట. ఇంగ్లీషులో ఎదుటివానికి ఒకే సర్వనామము. అచ్చటినుండి మాటలు తెచ్చుకొనునప్పుడు, డెబ్బదియేండ్ల ఆమెను నువ్వు అని పిలుచు యంత్రము మర్యాద తప్పినదే. అట్లని అవ్వా, పెద్దమ్మా యని వరుస కలుపుటయు మాకు రుచింపదు. వరుస యనునది ఇచ్చిపుచ్చుకొనుటలు గలవారి సొత్తు. మీరు అన్నచో చాలును.

ఇక యంత్రమునకు తెలియనిదాని మాట. ఈ యంత్రములు చదివిన కోట్లకొలది వాక్యముల తీరును బట్టి, ఏ మాట తరువాత ఏ మాట రాదగునో అంచనా కట్టి వాక్యములు కూర్చును. కావున తెలిసిన విషయమును, తెలియని విషయమును ఒకే నున్నని గొంతుతో చెప్పగలవు. మనిషి అబద్ధమాడునప్పుడు కన్నైన చెదరును. దీనికి కన్ను లేదు. "ఇది నాకు తెలియదు, ఫలానా కార్యాలయమున విచారింపుడు" అని చెప్పుట నేర్పుటయే అన్నిటికంటె కష్టమైన పాఠమనియు, అన్నిటికంటె విలువైనదనియు మా యభిప్రాయము. తెలియదను మాటకు సంతలో వెల లేదు. కాని ఆ మాట చెప్పలేనివాని తక్కిన మాటలకును విలువ యుండరాదు.

తప్పు చెప్పినప్పుడు పూచీ ఎవరిది? పూర్వము పోస్టాఫీసు అరుగుమీద ఉత్తరములు, అర్జీలు వ్రాసిపెట్టువాడొకడు కూర్చుండెడివాడు. వాడు గొప్ప విద్వాంసుడు కాడు. కాని అర్జీ తప్పినచో మఱునాడు వాని యెదుటకే పోయి నిలదీయవచ్చును, వాడచ్చటనే యుండును. నేడు నిలదీయుటకు అరుగేది? కెనడాలో నొకరు, అవ్వ మరణించిన దుఃఖములో నుండి, ఎయిర్ కెనడా విమాన సంస్థవారి సంభాషణ యంత్రమును టిక్కెట్టు తగ్గింపును గూర్చి యడిగిరి. ముందు పూర్తి వెలకు కొని, తరువాత తొంబది దినములలో తగ్గింపునకు దరఖాస్తు చేసికొనవచ్చునని అది చెప్పినది. సంస్థ నియమమట్లు లేదు. వ్యాజ్యము వచ్చినప్పుడు, ఆ యంత్రము చెప్పినదానికి తాము బాధ్యులము కామనియు, అది వేఱొక వ్యక్తి వంటిదనియు అర్థము వచ్చునట్లు సంస్థ వాదించినది! 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా న్యాయాధికరణము ఆ వాదమును త్రోసిపుచ్చి, నష్టపరిహార మిప్పించినది. తన వాకిట కూర్చుండబెట్టినది తన గుమాస్తాయే యన్నమాట. ఆ ప్రయాణికునికి చదువున్నది, ఓపిక యున్నది, న్యాయాధికరణ మున్నది. మన గోవిందమ్మకు ఏమున్నది? పూచీ పడు మనిషి పేరు, ఊరు, ఫోను నంబరు లేని సేవను, అదెంత ముద్దుగ మాటలాడినను, మానవీయమనుట చెల్లదు.

యంత్రము మన భాషను ఎంతవరకు వినగలదన్నది వేఱొక చిక్కు. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగ చెప్పుకొన్నవారు ఎనిమిది కోట్ల పైచిలుకు. అందు తమిళనాట సుమారు 42 లక్షలు, కర్ణాటకమున సుమారు 35 లక్షలు. సంఖ్యకు కొదువ లేదు. కాని కంప్యూటరులలో వ్యాపించిన పద్ధతిని బట్టి ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలగా, తెలుగు వర్ణమొక్కొక్కదానికి మూడు బైటులు పట్టును. పెక్కు నమూనాలు ఇంగ్లీషు మాటను అఖండముగ గ్రహించి, తెలుగు మాటను ముక్కలు ముక్కలుగ గ్రహించును. అందుచే ఖర్చెక్కువ, చదివిన పాఠము తక్కువ. ఆ తక్కువ పాఠమును ఎక్కువగ పత్రికల తెలుగే. హోసూరు, కోలారు, బరంపురము, కామాఠీపురపు తెలుగు కాగితముపై కెక్కినదెంత? వ్రాయనిదానిని యంత్రము చదువలేదు.

ఈ చిక్కును విప్పు మార్గము మాటయందే కలదని తొలినాళ్ళలోనే గ్రహించినవారిలో తెలుగువాడొకడుండుట మనకు సంతోషము. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, మదరాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివిన దబ్బల రాజగోపాలరెడ్డి గారు (లోకమునకు రాజ్ రెడ్డి) మనిషి మాటను యంత్రము గ్రహించు విద్యలో జీవితమంతయు కృషి చేసి, 1994లో ట్యూరింగ్ పురస్కార మందుకొనిరి. అక్షరము రానివానికి యంత్రము నోటిమాటతోనే లోబడవలెనన్నది వారి పట్టుదల. నేడు భారత ప్రభుత్వము 2022లో ఆరంభించిన భాషిణియు, చెన్నై ఐ.ఐ.టి.లోని ఏఐ ఫర్ భారత్ బృందమును మన భాషల పలుకుబడులను సేకరించుచున్నవి. 2023లో హర్యానాలోని బివాన్ గ్రామమున, ప్రభుత్వ పథకములను గూర్చి జనులు తమ భాషలో ఫోనునకు చెప్పి, తమ భాషలోనే జవాబు వినునట్టి జుగల్‌బందీ యను సేవను పరీక్షించి చూచిరి. దారి యుండనే యున్నది.

ఇరుకు వీథులలో బ్రదుకువారికి యంత్రమువలన నొక మేలున్నదని ఒప్పుకొనవలెను. పదిండ్ల సమాజమున ఎవరి నేమడిగినను సాయంత్రమునకు పదిండ్లకును తెలియును. అప్పు, రోగము, అత్తింటి బాధ, ఇట్టివి బయట అడుగలేని కోడలు గదిలో కూర్చుండి యంత్రము నడుగగలదు. అది చాడీలు చెప్పదు. కాని వినినదానిని ఎచ్చట వ్రాసి యుంచుచున్నది? 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు చట్టము చేసినది. చట్టము వేఱు, ఆ యమ్మాయికి ఆమె భాషలో సంగతి తెలియుట వేఱు.

అన్ని ప్రశ్నలును జవాబు కొఱకే పుట్టవు. మనుమడు వచ్చి "మనం ఈ ఊరికి ఎప్పుడు వచ్చాము అవ్వా?" అని యడుగునప్పుడు వానికి కావలసిన సంవత్సరము ఒక్క మాటలో ముగియును, అవ్వకు కావలసినది ఒక పూట. పరాయి గడ్డపై మన తెలుగు బడులకంటె ఎక్కువగ ఇట్టి అడుగుటలలోనే నిలిచినది. కాలము వృథా కారాదన్న సూత్రము వెదకుటలో పోవు కాలమునకే గాని, కూర్చుండి మాటలాడు కాలమునకు కాదు. ఈ తారతమ్యము యంత్రమునకు ఎవరును నేర్పజాలరు, ఇంటివారు పాటింపవలసినది.

భాషిణివారి భాషాదాన్ అను ఏర్పాటులో ఎవరైనను తమ భాష పలుకును ఇంటర్నెట్టుద్వారా దానమీయవచ్చును. మన సంఘములు ఆ పనికి పూనుకొనుట మంచిదనియే మేము తలచుచున్నాము. మన పలుకు వినని యంత్రము రేపు మన అక్కఱను వినలేదు. కాని పెద్దల ముందు ఫోను పెట్టుటకు ముందు, వారి మాట ఎచ్చటికి పోవునో, ఎవరు వాడుకొందురో, వారికి వారి తెలుగులోనే విడమఱచి చెప్పవలెను. వద్దన్నచో ఊరకుండవలెను. సరేయన్న పిదప, అవ్వ తన మెట్టినింటి ముచ్చట చెప్పుచుండగా, ప్రక్కనున్న మనుమడు అడ్డుపడి ఫలానా మాటకు అర్థమేమని యడిగినచో, రికార్డు చెడినదని వానిని కసరవలదు. యంత్రమును ఆపి, ముందు వానికి బదులు చెప్పనిండు.